ద్విచక్ర వాహన డ్రైవింగ్ లైసెన్సు (ఉండి పరిసర ప్రాంతం)

ద్విచక్ర వాహన డ్రైవింగ్ లైసెన్సు అనగా మోటారు సైకిలు, స్కూటరు, మోపెడ్ వంటి రెండు చక్రాల మోటారు వాహనాలను బహిరంగ ప్రదేశాలలో నడపడానికి రవాణా శాఖ ఇచ్చే అనుమతి పత్రం. భారతదేశంలో ఈ లైసెన్సుల జారీకి 1988 నాటి మోటారు వాహనాల చట్టం, 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళి ఆధారం. సాధారణంగా అభ్యర్థి ముందు శిక్షార్థి లైసెన్సు పొంది, బండి నడపడం నేర్చుకొని, తరువాత రవాణా శాఖ అధికారి ఎదుట పరీక్షలో నెగ్గాలి. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రంలో కోర్సు పూర్తి చేసిన వారికి ఈ నడిపే పరీక్ష నుండి మినహాయింపు ఇచ్చే విధానం 2021 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. అయితే కోర్సు ధ్రువపత్రం వేరు, లైసెన్సు వేరు. శిక్షణ కేంద్రం ఇచ్చేది నైపుణ్యానికి సాక్ష్యం మాత్రమే. రోడ్డుపై నడిపే హక్కు లైసెన్సు చేతికి వచ్చిన తరువాతనే కలుగుతుంది. ఈ వ్యాసంలో ఆ విధానాన్ని పశ్చిమ గోదావరి జిల్లాలోని ఉండి, దాని పరిసరాలలోని ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతాలను దృష్టిలో ఉంచుకొని వివరించడమైనది.

నేపథ్యం

ఉండి, పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక మండల కేంద్రం. ఇది భీమవరం, ఆకివీడుల మధ్య 165వ నంబరు జాతీయ రహదారిపై ఉన్నది. గుడివాడ - భీమవరం రైలు మార్గం కూడా ఈ ఊరి మీదుగానే పోతుంది. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో భీమవరం కేంద్రంగా ప్రస్తుత పశ్చిమ గోదావరి జిల్లా, ఏలూరు కేంద్రంగా ఏలూరు జిల్లా ఏర్పడ్డాయి. ఉండి, తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలో ఉండగా, కైకలూరుతో సహా కొల్లేరు చుట్టుపక్కల ప్రాంతంలో ఎక్కువ భాగం ఏలూరు జిల్లాలో ఉన్నది.

ఈ ప్రాంతం గోదావరి పశ్చిమ డెల్టాలోనిది. వరి చేలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు ప్రధాన జీవనాధారం. ఊరికీ ఊరికీ మధ్య దారులు చాలావరకు కాలువ గట్ల వెంబడి, చెరువు గట్ల వెంబడి ఉంటాయి. బస్సు వెళ్ళని పుంతలు, గట్ల మీద చెరువు కాపలాకు, మేత వేయడానికి, పాలు పోయడానికి, కళాశాలకు వెళ్ళడానికి ద్విచక్ర వాహనమే ఆధారం. అందువలన ఇక్కడి పిల్లలు పెద్దల బండి మీద గట్టు దారిలోనే నడపడం నేర్చుకోవడం పరిపాటి. బండి నడపడం రావడానికీ, దానిని నడిపే అర్హత రావడానికీ మధ్య కొన్ని సంవత్సరాల దూరం ఏర్పడుతున్నది. ఈ అంతరం వలన కలిగే చిక్కులు ప్రమాదం జరిగిన రోజున గాని తెలియవు.

భారత ప్రభుత్వ రహదారి రవాణా మంత్రిత్వ శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. వీరిలో 74,897 మంది, అనగా సుమారు 44.5 శాతం, ద్విచక్ర వాహనాలపై ప్రయాణిస్తున్నవారు. హెల్మెట్ ధరించని కారణంగా మరణించినవారు 50,029 మంది. అందులో 14,337 మంది వెనుక కూర్చున్నవారు.

చట్టం - చరిత్ర

బ్రిటిషు పాలనలో 1914లో వచ్చిన భారత మోటారు వాహనాల చట్టం దేశమంతటికీ వర్తించిన తొలి చట్టం. దాని స్థానంలో 1939 చట్టం, ఆ తరువాత 1988 చట్టం వచ్చాయి. 1988 చట్టం 1989 జూలై 1 నుండి అమలులోకి వచ్చింది. దీనికి 2019లో పెద్ద సవరణ జరిగింది. జరిమానాల పెంపు, మైనర్లు బండి నడిపితే పెద్దలపై చర్య, గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల ప్రస్తావన ఈ సవరణలోనివే. జరిమానాలకు సంబంధించిన భాగాలు 2019 సెప్టెంబరు 1 నుండి అమలులోకి వచ్చాయి.

అర్హతలు

వయస్సు: మోటారు సైకిలు నడపడానికి 18 సంవత్సరాలు నిండి ఉండాలి. ఇంజను సామర్థ్యం 50 సి.సి. మించని బండికి మాత్రం 16 సంవత్సరాలు నిండితే చాలు. మైనరు దరఖాస్తుపై తల్లిదండ్రులు లేదా సంరక్షకులు వ్రాతపూర్వకంగా అంగీకారం తెలపాలి. 16 ఏళ్ళ వెసులుబాటు ఒకప్పటి లూనా, టి.వి.యస్. 50 వంటి మోపెడ్లకు సరిపోయేది. ఇప్పుడు పల్లెలలో పాల క్యానులు, చేపల బుట్టలు మోస్తూ కనిపించే టి.వి.యస్. ఎక్స్.ఎల్. 100 ఇంజను సామర్థ్యం సుమారు 100 సి.సి. కాబట్టి గేరు లేకపోయినా, చూడటానికి మోపెడ్ వలె ఉన్నా, దానిని నడపడానికి 18 సంవత్సరాలు నిండవలసిందే. స్కూటర్ల విషయం కూడా అంతే. "గేరు లేని బండికి పదహారేళ్ళు చాలు" అని జనంలో ఉన్న అభిప్రాయం సరికాదు. చట్టం చూసేది గేరును కాదు, ఇంజను సామర్థ్యాన్ని.

విద్యుత్ వాహనాలు: మోటారు శక్తి 250 వాట్ల లోపు, గరిష్ఠ వేగం గంటకు 25 కి.మీ. లోపు ఉండి, నియమావళిలోని ఇతర షరతులకు లోబడిన బ్యాటరీ బండ్లను మోటారు వాహనాలుగా పరిగణించరు. వాటికి లైసెన్సు అవసరం లేదు. అంతకు మించిన విద్యుత్ స్కూటర్లకు లైసెన్సు తప్పనిసరి.

ఆరోగ్యం: అభ్యర్థి తన ఆరోగ్యం గురించి 1వ నమూనా పత్రంలో స్వయంగా ప్రకటన ఇవ్వాలి. మూర్ఛ వ్యాధి లేదని, ఎరుపు, ఆకుపచ్చ రంగులను గుర్తించగలనని, మంచి పగటి వెలుతురులో 25 మీటర్ల దూరం నుండి కారు నంబరు పలకను చదవగలనని (కళ్ళద్దాలు వాడేవారు వాటితోనే) అందులో తెలపాలి.

వాహన తరగతి: చట్టంలో "గేరు లేని మోటారు సైకిలు", "గేరు ఉన్న మోటారు సైకిలు" అని రెండు తరగతులు ఉన్నాయి. గేరు లేని స్కూటరుపై పరీక్ష ఇచ్చినవారికి ఆ తరగతికి మాత్రమే లైసెన్సు వస్తుంది. కారు లైసెన్సు ఉన్నంత మాత్రాన మోటారు సైకిలు నడపరాదు. ఆ తరగతిని విడిగా చేర్చుకోవాలి.

శిక్షార్థి లైసెన్సు

దీనిని వాడుకలో ఎల్.ఎల్.ఆర్. అంటారు. రవాణా శాఖ అంతర్జాల సేవల ద్వారా దరఖాస్తు చేసి, రుసుము చెల్లించి, పరీక్షకు సమయం కేటాయించుకోవాలి. 2019 సవరణ తరువాత అభ్యర్థి రాష్ట్రంలోని ఏ లైసెన్సింగు అధికారికైనా దరఖాస్తు చేసుకోవచ్చును. ఉండి వాసులకు సుమారు 10 కి.మీ. దూరంలోని భీమవరం దగ్గర. ఏలూరు, తాడేపల్లిగూడెంలలో కూడా రవాణా శాఖ కార్యాలయాలు ఉన్నాయి. వయస్సు, చిరునామాలను నిరూపించే పత్రాలు వెంట ఉండాలి.

శిక్షార్థి పరీక్ష కంప్యూటరుపై జరుగుతుంది. రోడ్డు గుర్తులు, సంకేతాలు, ప్రమాదం జరిగినప్పుడు చోదకుని బాధ్యతలు, రైలు గేటు వద్ద పాటించవలసిన జాగ్రత్తలు, బండితో పాటు ఉంచుకోవలసిన పత్రాలు ఇందులోని విషయాలు. కనీసం 60 శాతం సరైన సమాధానాలు ఇవ్వాలి.

శిక్షార్థి లైసెన్సు 6 నెలల వరకు చెల్లుతుంది. ఈ కాలంలో పాటించవలసిన నియమాలు ఇవి:

* బండికి ముందు, వెనుక తెల్లని పలకపై ఎర్రని "ఎల్" అక్షరం ఉండాలి. పలక కొలత 18 సెం.మీ. చదరం.
* లైసెన్సు ఉన్న శిక్షకుడు తోడు ఉండాలి.
* శిక్షకుని తప్ప వేరెవ్వరినీ వెనుక ఎక్కించుకోరాదు.

వీటిలో చివరిది ఎక్కువగా ఉల్లంఘనకు గురయ్యే నియమం. ఎల్.ఎల్.ఆర్. రాగానే స్నేహితుని వెనుక కూర్చోబెట్టుకొని కళాశాలకు వెళ్ళడానికి చట్టం అనుమతించదు.

నడిపే పరీక్ష

శిక్షార్థి లైసెన్సు పొందిన తేదీ నుండి కనీసం 30 రోజులు గడిచిన తరువాతనే నడిపే పరీక్షకు హాజరు కావాలి. మోటారు వాహనాల తనిఖీ అధికారి ఈ పరీక్ష నిర్వహిస్తారు. గోదావరి జిల్లాలలో ఈ అధికారిని ఇప్పటికీ "బ్రేకు ఇనస్పెక్టరు" అనే పిలుస్తారు. ఏ తరగతికి లైసెన్సు కోరుతున్నారో ఆ తరగతి బండిని అభ్యర్థి తీసుకొని వెళ్ళాలి. బండి రిజిస్ట్రేషను, బీమా, కాలుష్య తనిఖీ పత్రాలు చెల్లుబాటులో ఉండాలి.

పరీక్షలో ముఖ్యమైనది 8 అంకె ఆకారంలోని దారిలో కాలు నేలకు ఆనించకుండా బండిని తిప్పడం. దీనిని "ఎనిమిది వేయడం" అంటారు. తక్కువ వేగంలో బండిని నిలదొక్కుకోవడం, క్లచ్‌ను, వెనుక బ్రేకును అదుపుతో వాడటం, చూపును బండి ముందు చక్రం మీద కాక వెళ్ళవలసిన దిశలో ఉంచడం ఇందులో తెలుస్తాయి. దీనితో పాటు బయలుదేరే ముందు అద్దాలు సరిచూసుకోవడం, గేర్లు మార్చడం, చేతి సంకేతాలు లేదా దీపాల సంకేతాలు ఇవ్వడం, మలుపు తిరగడం, అత్యవసరంగా ఆపడం వంటివి నియమావళిలో పేర్కొన్న అంశాలు.

పరీక్షలో నెగ్గనివారు 7 రోజుల తరువాత మళ్ళీ హాజరు కావచ్చును. మూడు సార్లు నెగ్గకపోతే చివరి పరీక్ష నుండి 60 రోజులు ఆగాలి. 2019 సవరణ ప్రకారం అట్టివారు శిక్షణ సంస్థలో దిద్దుబాటు కోర్సు కూడా పూర్తి చేయవలసి ఉంటుంది.

శిక్షణ కోర్సు ద్వారా లైసెన్సు

2021 జూన్ 7న కేంద్ర ప్రభుత్వం నియమావళిలో 31-బి నుండి 31-జె వరకు నియమాలను చేర్చింది. వీటి ప్రకారం గుర్తింపు పొందిన చోదక శిక్షణ కేంద్రంలో కోర్సు పూర్తి చేసి, ఆ కేంద్రం నిర్వహించే పరీక్షలో నెగ్గినవారికి 5-బి నమూనాలో ధ్రువపత్రం ఇస్తారు. దీనిని సమర్పించినవారికి రవాణా కార్యాలయంలో నడిపే పరీక్ష ఉండదు. మిగిలిన దరఖాస్తు, పత్రాల పరిశీలన, రుసుము, లైసెన్సు జారీ మాత్రం యథాప్రకారం రవాణా శాఖ ద్వారానే జరుగుతాయి.

ఇట్టి కేంద్రానికి కఠినమైన షరతులు ఉన్నాయి. ద్విచక్ర, త్రిచక్ర, తేలికపాటి వాహనాల శిక్షణకు కనీసం ఒక ఎకరం, మధ్యతరహా, భారీ వాహనాల శిక్షణకు రెండు ఎకరాల స్థలం ఉండాలి. పరీక్షకు తగిన మార్గం, తరగతి గదులు, నిజమైన రోడ్డును పోలిన దృశ్యాలతో సాధన చేయించే సిమ్యులేటరు ఉండాలి. గుర్తింపు 5 సంవత్సరాలు చెల్లుతుంది, ఆపై పునరుద్ధరించుకోవాలి.

మామూలు డ్రైవింగు స్కూళ్ళు కూడా కోర్సు చివర ధ్రువపత్రం ఇస్తాయి. అది 5వ నమూనా పత్రం. 5, 5-బి అనే ఈ రెండు పత్రాల మధ్య గల భేదం చదువరులు గమనించదగినది. 5వ నమూనా పత్రం ఉన్నంత మాత్రాన నడిపే పరీక్ష నుండి మినహాయింపు రాదు. 2024 మే నెలలో "జూన్ 1 నుండి ఆర్.టి.ఓ. కార్యాలయానికి వెళ్ళనవసరం లేదు, డ్రైవింగు స్కూళ్ళే లైసెన్సు ఇస్తాయి" అనే వార్త దేశమంతటా వ్యాపించింది. ఇది సరికాదని, 2021 నాటి నియమాలలో మార్పేమీ లేదని, లైసెన్సు ఇచ్చే అధికారం లైసెన్సింగు అధికారిదేనని కేంద్ర మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. కాబట్టి "కోర్సు చేస్తే పరీక్ష లేదు" అని చెప్పే సంస్థలో డబ్బు కట్టే ముందు రెండు విషయాలు అడిగి తెలుసుకోవాలి: ఆ సంస్థకు ద్విచక్ర వాహనాల శిక్షణకు గుర్తింపు ఉన్నదా, చివర ఇచ్చేది 5-బి పత్రమేనా.

సొంత అవసరానికి ద్విచక్ర వాహనం నడపదలచినవారు ఏ స్కూలులోనూ చేరకుండా, ఇంట్లో లైసెన్సు ఉన్న పెద్దల వద్ద నేర్చుకొని కూడా పరీక్షకు హాజరు కావచ్చును. అయినా కోర్సుకు వేరే ప్రయోజనం ఉన్నది. 8 అంకె వేయడం 30 రోజుల సాధనతో వస్తుంది. కాని ముందు బ్రేకు, వెనుక బ్రేకు కలిపి వాడే తీరు, తడి రోడ్డుపై ఆపడానికి పట్టే దూరం, లారీ పక్కన చోదకునికి కనిపించని చోటు ఎక్కడ ఉంటుంది అన్నవి ఎవరైనా చెబితే గాని తెలియవు.

రుసుములు, చెల్లుబాటు

2016 డిసెంబరులో సవరించిన కేంద్ర నియమావళి ప్రకారం ప్రధాన రుసుములు ఇవి. రాష్ట్ర ప్రభుత్వ సేవా రుసుము వీటికి అదనం.

* శిక్షార్థి లైసెన్సు: ఒక్కొక్క తరగతికి రూ. 150
* శిక్షార్థి పరీక్ష: రూ. 50
* నడిపే పరీక్ష: ఒక్కొక్క తరగతికి రూ. 300
* లైసెన్సు జారీ: రూ. 200

2019 సవరణ ప్రకారం 30 సంవత్సరాల లోపు వయస్సులో పొందిన సొంత వాహన లైసెన్సు 40 సంవత్సరాలు నిండే వరకు చెల్లుతుంది. 30 నుండి 50 లోపు వారికి 10 సంవత్సరాలు, 50 నుండి 55 లోపు వారికి 60 సంవత్సరాలు నిండే వరకు, 55 నిండినవారికి 5 సంవత్సరాలు చెల్లుతుంది. గడువు తీరి సంవత్సరం దాటితే మళ్ళీ నడిపే పరీక్ష ఇవ్వాలి. అధికారిక యాప్‌లలోని లైసెన్సు పత్రాన్ని తనిఖీ సమయంలో చూపించవచ్చును.

లైసెన్సు లేకపోతే

లైసెన్సు లేకుండా నడిపితే రూ. 5,000 జరిమానా, లేదా 3 నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చును. లైసెన్సు లేనివారికి బండి ఇచ్చిన యజమాని కూడా శిక్షార్హుడే. మైనరు నేరం చేసిన సందర్భంలో చట్టంలోని 199-ఎ నిబంధన వర్తిస్తుంది. సంరక్షకునికి లేదా బండి యజమానికి 3 సంవత్సరాల వరకు జైలు, రూ. 25,000 జరిమానా పడవచ్చును. బండి రిజిస్ట్రేషను 12 నెలల పాటు రద్దవుతుంది. ఆ మైనరుకు 25 సంవత్సరాలు నిండేవరకు లైసెన్సు ఇవ్వరు. తనకు తెలియకుండా జరిగిందని నిరూపించుకొనే భారం పెద్దలదే.

జరిమానా కంటె పెద్ద భారం బీమాకు సంబంధించినది. లైసెన్సు లేని వ్యక్తి నడిపిన బండి ఇతరులను గాయపరిస్తే, బీమా సంస్థ బాధితులకు పరిహారం చెల్లించి, ఆ సొమ్మును బండి యజమాని నుండి రాబట్టుకొనే అవకాశం ఉన్నది. 2004లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ సూత్రాన్ని వివరించింది. శిక్షార్థి లైసెన్సు కూడా చెల్లుబాటయ్యే లైసెన్సేనని అదే తీర్పులో పేర్కొన్నది. యజమాని-చోదకునికి వర్తించే రూ. 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమాకు కూడా చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండటం షరతు. కుమారుడు నడిపిన బండి తండ్రి పేరున ఉంటే పరిహారం భారం తండ్రి ఆస్తిపై పడవచ్చును. ఎకరమో రెండెకరాలో ఉన్న కుటుంబానికి ఇది కోలుకోలేని దెబ్బ.

డెల్టా రోడ్లపై జాగ్రత్తలు

పరీక్షా మైదానంలో ఎదురుకాని పరిస్థితులు ఈ ప్రాంతపు రోడ్లపై కొన్ని ఉన్నాయి.

* ధాన్యం ఆరబోత: సార్వా, దాళ్వా కోతల కాలంలో రోడ్డు అంచున ధాన్యం ఆరబోస్తారు. గింజలపై బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. రాత్రివేళ ధాన్యం చుట్టూ పెట్టిన రాళ్ళు కనబడవు.
* చేపల లారీలు: ఐసు నింపిన చేపల లారీల నుండి కారే నీటితో రోడ్డు జారుడుగా మారుతుంది. లారీ వెనుకనే పోకుండా తగినంత దూరం పాటించాలి.
* కాలువ గట్లు: చాలా చోట్ల పిట్టగోడ ఉండదు. ఎదురు వాహనానికి దారి ఇవ్వబోయి మెత్తని అంచు మీదకు దిగితే బండి కాలువలోకి జారవచ్చును. వేగం తగ్గించి, గట్టి నేలపై ఆగి దారి ఇవ్వడం మేలు.
* పొగమంచు: చలికాలపు తెల్లవారుజామున కొల్లేరు పరిసరాలలో, చెరువుల మధ్య దారులలో ముందున్నది కనబడదు. దీపాన్ని తగ్గించి వేసుకోవాలి. కాంతిని పైకి వేస్తే మంచుపై పడి చూపు మరింత తగ్గుతుంది.
* రైలు గేట్లు: పట్టాలను వీలైనంత అడ్డంగా, నిలువు కోణంలో దాటాలి. ఏటవాలుగా దాటితే తడి పట్టాపై చక్రం జారుతుంది. మూసిన గేటు కింద నుండి బండి దూర్చడం నేరం.

నడిపేవారు, వెనుక కూర్చున్నవారు ఇద్దరూ ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్‌ను, గడ్డం కింద పట్టీ బిగించి ధరించాలి. హెల్మెట్ లేకపోయినా, ముగ్గురు ప్రయాణించినా రూ. 1,000 జరిమానాతో పాటు 3 నెలలు లైసెన్సుపై అనర్హత వేటు పడవచ్చును.

ఇతర దేశాలలో

కోర్సుకూ లైసెన్సుకూ సంబంధం కల్పించే పద్ధతి ఇతర దేశాలలో ముందే ఉన్నది. అమెరికాలో 1973లో ఏర్పడిన మోటారుసైకిల్ సేఫ్టీ ఫౌండేషన్ రూపొందించిన ప్రాథమిక కోర్సును పూర్తి చేసినవారికి పలు రాష్ట్రాలు నడిపే పరీక్షను మినహాయిస్తాయి. తెలుగువారు అధికంగా నివసించే టెక్సాస్ రాష్ట్రంలో 2009 నుండి మోటారు సైకిలు లైసెన్సుకు కోర్సు తప్పనిసరి. బ్రిటన్‌లో 1990 నుండి నిర్బంధ ప్రాథమిక శిక్షణ అమలులో ఉన్నది. అక్కడ కూడా ఆ శిక్షణ ధ్రువపత్రం పూర్తి లైసెన్సు కాదు. రెండేళ్ళలోగా పరీక్షలు నెగ్గనివారు శిక్షణ మళ్ళీ తీసుకోవాలి.

విదేశాలకు వెళ్ళే విద్యార్థులు ఇక్కడ అంతర్జాతీయ డ్రైవింగు అనుమతి పత్రం పొందవచ్చును. కేంద్ర నియమావళిలో దీని రుసుము రూ. 1,000, ఇది ఒక సంవత్సరం చెల్లుతుంది. స్వదేశపు లైసెన్సులో ఏ తరగతులు ఉన్నాయో వాటికే ఈ పత్రం వర్తిస్తుంది. ఉండిలో పదేళ్ళు బండి నడిపినవారైనా, లైసెన్సులో మోటారు సైకిలు తరగతి లేకపోతే ఆ అనుభవం అక్కడ లెక్కలోకి రాదు.